కైలాసం దగ్గర చెప్పిన రెండు పేర్లు

మొన్న మా వీధి చివరింటి కోడలు ఒక చిన్న సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. మానససరోవరం నీళ్ళట. అత్తామామలను తీసుకొని కైలాస యాత్రకు పోయి వచ్చారు, వాడకట్టంతా పంచుతున్నారు. "తాతా, నువ్వు గూడ పోయొచ్చినవంట గద, ఎట్లుంటదే?" అని అడిగింది. నేను "సల్లగుంటది" అన్నాను. ఆ పిల్ల ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు నిలబడి, చెప్పకపోయేసరికి పక్కింటికి పోయింది. నల్లా నీళ్ళు ఒకరోజు రాకపోతే మున్సిపాలిటీ వాళ్ళను గంటసేపు తిట్టగలిగిన మనిషిని నేను. కైలాసం గురించి అడిగితే ఒక్క మాట కన్నా ఎక్కువ రాలేదు. సీసాను టీవీ పక్కన పెట్టి, ఆ ఒక్క మాట వెనక ఏమున్నదో రాసి చూద్దామని కూర్చున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను బడికి పోయినవాణ్ణి కాదు. అక్షరాలు నేర్చుకున్నది గోదావరిఖనిలో యూనియన్ ఆఫీసు బెంచీ మీద, పాత పేపర్లు ముందేసుకొని. మొదట హెడ్డింగులు, తరువాత సంపాదక లేఖలు, ఆ తరువాత ఆ లేఖలకు నేను రాసిన జవాబులు. ఒక్కటీ అచ్చు కాలేదు, అది వేరే సంగతి. బొగ్గుబాయిలో నాది టింబర్ పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టాలి. ముప్పై రెండేండ్లు పైకప్పు దిక్కు చూస్తూ బతికాను గనక దేవుడు పైన ఉన్నాడని ఎవరైనా అంటే నాకు నవ్వొచ్చేది. పైన ఏముంటుందో నాకు తెలుసు. రాయి ఉంటుంది. అలాంటి నేను కైలాసానికి పోతున్నానని తెలిసి మా అక్క, "దేవుణ్ణి నమ్మనోనివి, నీకెందుకురా గుట్టలు?" అన్నది. "నీ పెనిమిటిని నమ్మక పోతాన్న" అన్నాను. ఆమె మూడు రోజులు కూర్చొని ఇద్దరికీ సరిపడా సకినాలు చేసింది, మూటకట్టింది. ఆ చలికి అవి రాళ్ళలా బిగుసుకుపోయి, నేపాలీ వంటవాడు సుత్తితో కొట్టి పెట్టాడు.

ఆమె పెనిమిటి, మా బావ, ఫిల్లర్. అంటే పేల్చిన బొగ్గును చెమ్మసుతో, అదే పెద్ద పారతో, టబ్బుల్లో నింపేవాడు. ఆయనకు రెండు పేర్లు. ఆ రెండూ ఇక్కడ రాయను. ఎందుకో చివరికి తెలుస్తుంది.

ఇప్పటి పిల్లలకు చెబితే మోసం అంటారు. ఆ రోజుల్లో బాయి పనికి కాగితం వచ్చేది ఒకరికి, దిగేది ఇంకొకరు. కాగితం వచ్చినవాడికి భయం ఉండొచ్చు, పెండ్లి కుదరొచ్చు, తల్లి ఏడ్వొచ్చు. అప్పుడు ఆ కాగితం పట్టుకొని అదే వయసున్న ఇంకొకడు పోయి ఆ పేరు నాదే అని నిలబడేవాడు. ఫొటోలు లేవు, బొటనవేలు ముద్రే. మారుపేరు అని దానికొక మాట కూడా ఉంది. ఏ బాయి ముందు నిలబడి మారుపేరోళ్ళు చేతులెత్తుండ్రి అని అడిగినా చాలా చేతులు లేచేవి, అడిగినవాడిది కూడా. పని తప్పులేకుండా చేసినవాడి పేరు తప్పైతే ఎవరికి నష్టమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చెమ్మసు ఎవరి చేతిలో ఉందో బొగ్గుకు తెలుసా? సరే, కోపం పక్కన పెడతాను.

మా బావకు కాగితం ఇచ్చింది వాళ్ళ ఊరి దోస్తు. ఇద్దరూ కలిసి పశువులు కాసినవాళ్ళు. కాగితం వచ్చిన వారంలోనే ఆ ఊరి మనిషి ఒకడు బాయిలో కాలు పోగొట్టుకొని వచ్చాడు. దోస్తు తల్లి కొడుకును గడప దాటనివ్వలేదు. దోస్తు ఆ కాగితం తెచ్చి మా బావ చేతిలో పెట్టాడు. దానికి బదులుగా ఇద్దరూ ఒక కల్లు లొట్టి తాగారు, అంతే. మొదటి నెలలో మా బావకు నాలుగైదు మస్టర్లు పోయాయి. పొద్దున హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు తనదని గుర్తు రాక పలకలేదట. తరువాత అలవాటైంది. జీతం ఆ పేరు మీద, క్వార్టరు ఆ పేరు మీద, రేషన్ కార్డు ఆ పేరు మీద. మా అక్క ఎట్లాగూ పెనిమిటిని పేరు పెట్టి పిలవదు. అసలు పేరుతో పిలిచేది ఆయన తల్లి ఒక్కతే. ఆమె పోయినాక ఆ పేరును పలికేవాళ్ళు లేరు.

నౌకరీలో చేరిన ముప్పై ఏండ్లకు బావ చూపు తగ్గింది. మెడికల్ అన్‌ఫిట్ అన్నారు. అంటే తండ్రి బదులు కొడుక్కు నౌకరీ రావచ్చు. మా మేనల్లుడు ఇంటర్ ఫెయిలై ఆటో నడుపుతుండె. ఫైలు కదిలింది అనుకునేసరికి ఎవడో పేరు లేని ఉత్తరం రాశాడు. ఫలానా కార్మికుడిది మారుపేరు, అసలు మనిషి ఊర్లో వ్యవసాయం చేసుకుంటున్నాడు, పోయి చూడండి అని. ఆ రాసినవాడు ఎవడో నాకు తెలుసు. చచ్చిపోయాడు గనక వదిలేస్తున్నాను. కంపెనీ నుంచి ఇద్దరు విచారణకు ఊరికి వస్తున్నారని రెండు రోజుల ముందు కబురు అందింది. నాకు చదవడం రాయడం వచ్చు, కాగితం భాష వచ్చు. అందుకని ఊరికి పోయింది నేను.

దోస్తు కొట్టంలో కూర్చొని జనపనారతో పగ్గం పేనుతున్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. సార్లు వచ్చి నీ పేరేందని అడిగితే నీ పేరు చెప్పొద్దు, చెబితే పోరని నౌకరీ పోతది అన్నాను. ఆయన పేనుడు ఆపలేదు. పురి ఎక్కించుకుంటూనే తలెత్తి అడిగాడు.

"మరి నా పేరేందని చెప్పాలె?"

"బావ పేరు చెప్పు. అది ఖాళీగనే ఉన్నది గద."

ఆయన నవ్వాడు. "సరే తియ్. ముప్పై ఏండ్ల కింద ఇచ్చిన దాన్ని మళ్ల గుంజుకుంటనా."

అంత తేలికగా అయిపోయింది. నేను చాయ్ తాగి బస్సెక్కాను. సార్లు వచ్చిన రోజు ఆయన గ్రామ పంచాయితీ ఆఫీసు ముందర నిలబడి, పుట్టినప్పుడు తల్లి పెట్టిన పేరు తనది కాదని చెప్పి, మా బావ అసలు పేరు తనదని వేలిముద్ర వేశాడు. ఊరంతా అవునన్నది. ఎదురుబొదురు కూర్చునే ముసలోళ్ళు కూడా ఆ రోజంతా ఆయన్ను ఆ పేరుతోనే పిలిచారట. మొదట పరాచికంగా పిలిచారు, తరువాత మళ్ళీ విచారణ వస్తుందన్న భయంతో పిలిచారు, ఆ తరువాత అదే అతికింది. రేషన్ కార్డు కూడా ఆ పేరుకే మార్పించుకున్నాడు. రెండో ఏడు ఆయనకు పచ్చకామెర్లు వచ్చాయి. పసరు మందు, తరువాత మంచిర్యాల దవాఖాన, అంతే. మా మేనల్లుని ఫైలు అప్పుడు చివరి టేబుల్ మీద ఉంది. బావ చెప్పులు తొడుక్కున్నాడు, చావుకు పోదామని. పోవద్దన్నది నేనే. ఇన్నేండ్లు ఆ మనిషెవరో తెలియదని చెప్పి ఇప్పుడు పోయి ఏడిస్తే ఎవడు చూస్తాడో అన్నాను. బావ చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు. దినాలకు కూడా పోలేదు. పంచాయితీ పుస్తకంలో ఆ రోజు పోయింది మా బావ అని రాసుకున్నారు.

నెల తిరగకముందే మా మేనల్లునికి ఆర్డర్ వచ్చింది, గోలేటి దిక్కు పోస్టింగు. ఇంట్లో యాట కోసారు. బావ తిన్నాడు. ఆ తరువాత ఆయన తింటున్నాడు, పండుకుంటున్నాడు, అంతకు మించి ఏమీ లేదు. రామగుండం ఎండకు జనం చెట్టు కిందికి ఉరుకుతుంటే ఈయన ఎండలోనే మంచం వేసుకొని కూర్చునేవాడు. మా అక్క పోయి మంచం గుంజితే లేచేవాడు, లేకపోతే లేదు. ఏడ్చినా బాగుండేదని ఆమె నాతో అన్నది. రెండేండ్లు అట్లా గడిచినాక ఒకరోజు నా దగ్గరికొచ్చి, కైలాసం పోదామన్నాడు. దోస్తుకు నీళ్ళు విడవాలట, తర్పణం. గోదావరి పక్కనే పారుతుంటే కైలాసం ఎందుకు అన్నాను. "గోదారొడ్డున అందరు ఎరుకున్నోళ్ళే. అయ్యగారు పేరు గట్టిగ సదువుతడు. మనల్ని ఎవలెరుగని కాడికి పోవాలె" అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. పైగా పేరు అడుక్కోవడానికి పోయింది నేను, చావుకు పోవద్దన్నది నేను. ఆయన వెంట పోకుండా ఎట్లా ఉంటాను?

తెలంగాణ రావడానికి ఏడెనిమిదేండ్ల ముందు సంగతి ఇది. హైదరాబాదులో ఒక ట్రావెల్స్ వాళ్ళు ఇరవై మందిని పోగుచేసి ఖాట్మండుకు తీసుకుపోయారు. అక్కడి హోటల్లో అందరినీ కూర్చోబెట్టి పరిచయాలు చెప్పుకోమన్నారు. బావ గోదావరిఖని అనగానే మా ఎదురుగా ఉన్న పెద్దమనిషి లేచి వచ్చి చేతులు పట్టుకున్నాడు. "మన కంపెనీయేనండీ. నేను పర్సనల్‌లో చేసి రిటైరయ్యాను" అన్నాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ముప్పై ఏండ్లు ఉద్యోగం చేసి హైదరాబాదులో ఇల్లు కట్టుకున్న మనిషి. పర్సనల్ అంటే మారుపేర్ల ఫైళ్ళు చూసే ఆఫీసే. ఎవరూ ఎరగని చోటని మేము భూమి అంచుదాకా పోతుంటే ఆయన స్వెట్టరు వేసుకొని మాకోసం ముందే వచ్చి కూర్చున్నట్టుంది. బావ చేతులు వెనక్కి గుంజుకున్నాడు. ఆయన మాత్రం మమ్మల్ని చూసి నిజంగానే సంతోషపడ్డాడు, ఆయన భార్య మాకు ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి ఇచ్చింది.

చైనా వాళ్ళు మా అందరికీ కలిపి ఒకటే కాగితం వీసా ఇచ్చారు. దాని మీద వరుసగా పేర్లు. ఎక్కడ ఆపినా ఆ వరుసలోనే నిలబడాలి. బావది పద్నాలుగు. ఆ పర్సనల్ సారుది పదిహేను. అంటే వారం రోజులు ప్రతి చెక్‌పోస్టు దగ్గర మా బావ ఆ దోస్తు పేరుతో పలుకుతుంటే వెనక సారు ఊపిరి ఆయన మెడకు తగులుతుండేది. జీపుల్లో నాలుగు రోజులు దుమ్ములో పోయాం. సారుకూ నాకూ తెలంగాణ మీద వాదం మొదలైంది. మీకేం తక్కువ చేశామండీ అని ఆయన, లెక్కలు తియ్యమంటరా అని నేను. డ్రైవరు టిబెటాయన, ఒక్క ముక్క అర్థంకాకపోయినా నా వైపే తలాడించాడు. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయన చూపుకు ఆ దేశమంతా ఒకటే మట్టిరంగు గుడ్డ.

మానససరోవరం పొద్దున పదింటికి చేరాం. నీళ్ళు ఎంత నీలంగా ఉన్నాయో అందరూ రాస్తారు గనక నేను రాయను. మా వెంట వచ్చిన అయ్యవారు వీసా కాగితం జిరాక్సు చేతిలో పట్టుకొని, చలికోటు మీద నుంచే కండువా వేసుకొని, ఒక్కొక్కరినీ పేరు పెట్టి నీళ్ళలోకి పిలిచాడు. పద్నాలుగో పేరు పిలిచాడు. బావ మోకాళ్ళ లోతుకు దిగి దోసిలి పట్టాడు. పక్కన పదిహేనో ఆయన, సారు, తన వంతు కోసం లుంగీ ఎగగట్టి నిలబడ్డాడు. పోయినవాళ్ళ పేరు చెప్పండి, గోత్రం తెలిస్తే గోత్రం చెప్పండి అన్నాడు అయ్యవారు. చెప్పాల్సిన పేరు, కాగితం మీద బావ పేరు, ఒకటే. తన పేరే గల మనిషి చచ్చిపోయాడని బావ చెబితే ఎవరతను అని అయ్యవారు అడగకపోయినా సారు అడుగుతాడు. ముప్పై ఏండ్లు అదే ప్రశ్న అడిగిన మనిషి. దోసిట్లో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. బావ మళ్ళీ ముంచాడు. మళ్ళీ కారిపోయాయి.

"ఎవ్వలు లేరయ్యా" అన్నాడు బావ.

"అందరూ ఉన్నారా? అదృష్టవంతులు" అని అయ్యవారు అక్షింతలు వేశాడు.

డేరాలో బావ కాళ్ళు తుడుస్తూ నేను కోప్పడ్డాను. నాలుగు రాష్ట్రాలు, రెండు దేశాలు దాటి వచ్చి ఎవ్వలు లేరంటావా అన్నాను. ఆయన కాళ్ళు గడ్డకట్టి తెల్లగా ఉన్నాయి, గిల్లినా తెలియట్లేదన్నాడు. "సారు పక్కనున్నడు. పోరనికి నౌకరొచ్చి మూడేండ్లు గాలె. నేను నోరు దెరిస్తే వాని అన్నం పోతది. మూస్తే దోస్తు అట్లనే ఎండి పోతడు. ఏది జెయ్యాల్నో నువ్వే జెప్పు, నీకు కాగితాలు తెలుసు గద" అన్నాడు. ఆయన మాటలో కోపం లేదు. బస్సు ఎన్ని గంటలకు అని అడిగినట్టు అడిగాడు. నేను తువ్వాల తిప్పి రెండో కాలు తుడిచాను.

రెండో రోజు కొండ చుట్టూ నడక. అది మూడు రోజుల దారి. మా వయసు చూసి మొదటి రోజు నడిచి, ఆ రాత్రి ఉత్తరం దిక్కున ఉండి, మరునాడు వెనక్కి తిప్పుతామన్నారు. గుర్రాలిచ్చారు. పది అడుగులు వేస్తే ఊపిరి చాలదు. బావ ఒకచోట రాయి మీద కూర్చొని, "బాయిల గాలి తక్కువైతే పైకి ఉరుకుతం. ఈడ పైకి పోతుంటే గాలి తక్కువైతాంది. ఇది ఉల్టా బాయి" అన్నాడు. చాలా రోజుల తరువాత ఆయన నోట వచ్చిన ముచ్చట అది. నాకు ఎంత సంబరమైందో, దాచుకోవడానికి గుర్రాన్ని తిట్టాను.

ఆ దారిలో అన్ని రకాల వాళ్ళూ ఉన్నారు. టిబెటు వాళ్ళు నేల మీద బోర్లా పడి, చేతులు చాపి, లేచి, చేతులు ఆనిన చోట నిలబడి మళ్ళీ పడుతూ కొండంతా చుట్టి వస్తారు. నుదుట దుమ్ము, మోకాళ్ళకు తోలు. వాళ్ళకు అది బుద్ధుని కొండ. మా గుంపులో గుజరాత్ నుంచి వచ్చిన జైన దంపతులున్నారు, వాళ్ళ మొదటి తీర్థంకరునికి ముక్తి దొరికింది అక్కడేనట. మనకు శివుడు. ఇంకొక మతం వాళ్ళు, బుద్ధునికన్నా పాతవాళ్ళట, అందరికీ ఎదురుగా ఎడమ దిక్కు నుంచి తిరుగుతూ వచ్చారు. మమ్మల్ని చూసి నవ్వి పక్కకు తప్పుకున్నారు, ఒకరినొకరు తిట్టుకోలేదు. ఖనిలో ఒక యూనియన్ జెండాను ఇంకో యూనియన్ వాడు తన సంది నుంచి పోనివ్వడు. "మరి లోపట ఎవలుంటరు?" అని బావ అడిగాడు. నాకేం ఎరుక అన్నాను. ఆయన కొంచెం ఆలోచించి, "మూడు షిఫ్టులుంటయి గావచ్చు" అన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి కొండ ఉత్తరం మొఖం ముందుకొచ్చాం. అందరూ చేతులెత్తి మొక్కారు, కొందరు ఏడ్చారు. సారు భార్య మట్టిలోనే సాష్టాంగపడింది. నేను చూశాను. పెద్ద రాయి, మంచు. ఏమైనా అనిపిస్తుందేమోనని చాలాసేపు నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు. చేతులు, చెంపలు, చెవులు మొద్దుబారినట్టు లోపల కూడా మొద్దుబారి ఉంది. బావ అద్దాలు తుడుచుకొని, "తెల్లగ మబ్బు లెక్క కనవడుతాంది. గదేనా?" అన్నాడు. గదే అన్నాను.

వాగు అవతల గట్టు మీద బౌద్ధుల మఠం ఒకటి ఉంది. మా వెంట ఉన్న షెర్పా పిల్లగాడు దీపం పెట్టుకోవడానికి పోతున్నాడు. వాళ్ళ నాయిన ఆ ఏడే పోయాడట. లామాకు పోయినవాళ్ళ పేరు చెబితే రాసుకొని మంత్రం చదువుతాడని హిందీలో చెప్పాడు. బావ నా మొఖం చూశాడు. ఇద్దరం లేచాం. ఆ గట్టు ఎక్కడానికి ముప్పావుగంట పట్టింది. లోపల వెన్నదీపాల మసి, వెన్న వాసన, కట్టలు కట్టలుగా బట్టలో చుట్టిన పుస్తకాలు. ముసలి లామా ఒక నోటు పుస్తకం ముందు కూర్చున్నాడు. షెర్పా వాళ్ళ నాయిన పేరు చెప్పాడు, లామా రాసుకున్నాడు. తరువాత బావ దిక్కు చూశాడు. పోయినవాళ్ళ పేరు అడుగుతున్నాడని షెర్పా చెప్పాడు.

బావ చెప్పాడు. దోస్తుకు తల్లి పెట్టిన పేరు. ముప్పై ఏండ్లుగా రోజూ హాజరులో తాను పలికిన పేరే, కానీ ఆ రోజు దాన్ని పలికిన తీరు వేరు. ఎదురుగా మనిషి కూర్చుంటే పిలిచినట్టు పలికాడు. లామా రెండుసార్లు అడిగి వాళ్ళ లిపిలో రాసుకున్నాడు. తరువాత ఇంకేదో అడిగాడు. ఆయన కోసం అడుగుతున్నది ఎవరు, వాళ్ళ పేరు కూడా రాయాలట అన్నాడు షెర్పా.

ఇది మేము అనుకోలేదు. దీపం ఒత్తి చిటపటమన్నది. బావ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆ తరువాత తన పేరు చెప్పాడు, తన అసలు పేరు. మా అక్క పెండ్లి నాటి నుంచి ఆ మనిషిని ఎరుగుదును, ఆ పేరును ఆయన నోట వినడం నాకు అదే మొదలు. నిజం చెప్పాలంటే అది వినగానే నాకు గుర్తొచ్చింది బావ కాదు, కొట్టంలో పగ్గం పేనుతున్న మనిషి. బతికున్నవాడు చచ్చినవాడి కోసం అడగాలి. ఇక్కడ పంచాయితీ పుస్తకంలో చచ్చినట్టు రాసి ఉన్నవాడు, కంపెనీ పుస్తకంలో పెన్షన్ తీసుకుంటున్నవాడి కోసం దీపం పెట్టమంటున్నాడు. లామాకు ఆ గొడవ ఏమీ తెలియదు. రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి రాసుకొని, కండ్లు మూసుకొని చదవడం మొదలుపెట్టాడు. బావ దీపం వెలిగించాడు.

నేను వెనక్కి తిరిగితే గుమ్మంలో సారు ఉన్నాడు. గట్టెక్కిన ఆయాసంతో గోడకు చెయ్యి ఆనించి, ఒక బూటు విప్పి, రెండోది చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. బావకు ఆ చీకట్లో ఆయన కనబడలేదు. ఆయన లోపలికి రాలేదు. బూటు మళ్ళీ తొడుక్కొని దిగిపోయాడు.

మరునాడు పొద్దున గుర్రాలెక్కేటప్పుడు సారు నా పక్కకు వచ్చాడు. బావ దూరంగా గుర్రం వాడితో బేరమాడుతున్నాడు. సారు చేతి తొడుగు సవరించుకుంటూ, నా దిక్కు చూడకుండా, "మీ బావగారి పేరు బాగుందండీ" అన్నాడు. "నిన్న లోపల చెప్పింది."

పోయి తన గుర్రం ఎక్కాడు. ఎంతమంది మేనేజర్ల టేబుళ్ళ మీద చెయ్యి బాది మాట్లాడిన మనిషినో నేను, ఆ ఒక్క వాక్యం విని, బిగించిన జీను పట్టీనే మళ్ళీ బిగించాను. అది అభయమా, బెదిరింపా, ఊరికే అన్న మాటా? తిరుగు ప్రయాణం నాలుగు రోజులూ అదే మాటను తిప్పి తిప్పి చూశాను. ఆయన మళ్ళీ తెలంగాణ వాదం ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఖాట్మండులో విడిపోయేటప్పుడు ఇద్దరికీ దండం పెట్టాడు. బావకు పెట్టిన దండం కొంచెం ఎక్కువసేపు పెట్టాడని నాకు అనిపించింది. భయం మీద ఉన్న మనిషికి ఏదైనా అనిపిస్తుంది.

బావకు నేను చెప్పలేదు. ఆయన తేలికపడి వచ్చాడు. ఎండలో మంచం వేసుకోవడం మానేశాడు, పొద్దున్నే లేచి మా అక్కతో కూరగాయల దగ్గర పోట్లాడేవాడు. ఆ తేలిక నేను ఎట్లా తీసేస్తాను? కాబట్టి ఆ బరువు నాకు మిగిలింది. పోస్టు సైకిల్ చప్పుడైతే అరుగు మీదికి వచ్చేవాణ్ణి. మా మేనల్లుడు గోలేటి నుంచి చెప్పకుండా ఇంటికొస్తే ముందు వాడి మొఖం చూసేవాణ్ణి, చేతిలో కాగితం ఉందా అని. ఒక ఏడు గడిచింది. రెండేండ్లు గడిచాయి. ఏ కాగితమూ రాలేదు. సారు ఎవరికీ చెప్పలేదన్నమాట. ఇది మంచితనమే, కాదనను. కానీ ఒక ఇంటి అన్నం ఇంకొకాయన నోరు మూసుకోవడం మీద ఆధారపడి ఉండటం ఏం న్యాయమని ఆనాడూ కోపం వచ్చింది, ఈనాడూ వస్తుంది. ఆయనకు ఒక ఉత్తరం రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. అందులో రెండు పేర్లూ రాయాల్సి వస్తుంది. రాయలేదు.

తెలంగాణ వచ్చిన నెలలోనే బావ పోయాడు. వీధులన్నీ గులాల్. పాడె చౌరస్తాకు వచ్చేసరికి డప్పులు ఆపి పిల్లలు పక్కకు జరిగారు. మా మేనల్లుని తెల్ల అంగీ మీద ఎవరో అంతకుముందే చల్లిన గులాబీ రంగు అట్లనే ఉంది. మున్సిపాలిటీలో చావు కాగితం నేనే తెచ్చాను. దాని మీద దోస్తు పేరుంది. అంటే ఊరి పుస్తకంలో మా బావ పదేండ్ల కిందనే పోయాడు, ఖని పుస్తకంలో దోస్తు పదేండ్లు ఎక్కువ బతికాడు. గుమాస్తా అక్షరాలు సరిచూసుకోమన్నాడు. సరిగ్గానే ఉన్నాయి సార్ అన్నాను.

ఎవరిది ఏ పేరో, ఎవరు ఏ ఏట పోయారో తెలిసిన మా ఇంటి పెద్దోళ్ళలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను. మా అక్క కూడా పోయింది. మా మేనల్లుడు ఇంకా డ్యూటీలో ఉన్నాడు, అందుకే ఇందులో ఒక్క పేరూ రాయలేదు. వాడు రిటైర్ కావడానికి ఇంకా పద్నాలుగేండ్లున్నాయి, నాకు డెబ్బై ఎనిమిది నిండాయి. అప్పటిదాకా నేనుంటే ఆ రెండు పేర్లూ రాసి సరిచేస్తాను. లేకపోతే ఆ ఇద్దరూ కాగితాల మీద అట్లనే ఉండిపోతారు, ఒకరి కాలంలో ఒకరు.